డాక్టరు గదిలోకి వచ్చిన సెర్చ్ హిస్టరీ

హైదరాబాద్‌లో ఆగస్టు దాటి సెప్టెంబర్ వచ్చిందంటే క్లినిక్‌ల గుమ్మాల ముందు చెప్పులు పెరుగుతాయి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో, పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి అనే ఆ చోట, ఓపీ కిటకిటలాడుతుంది. జ్వరమొచ్చిన మనిషి డాక్టరు ముందు కూర్చునేసరికి మూడు పనులు ముందే అయిపోయి ఉంటాయి: మెడికల్ షాపులో డోలో కొనుక్కోవడం, తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడగడం, గూగుల్‌లో వెతకడం. మొదటి రెండింటి గురించి డాక్టర్లు అడుగుతారు. మూడోదాని గురించి అడిగేవాళ్లు తక్కువ. "గూగుల్‌లో చూసొచ్చారా?" అని ఎవరైనా అడిగినా, అందులో తెలుసుకోవాలన్న కోరిక కంటే మందలింపే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ వెతుకులాట మాత్రం అంత త్వరగా ఎక్కడికీ పోదు. హిస్టరీ ఆపేసుకోకపోతే తేదీతో, గంటతో, నిమిషంతో సహా ఖాతాలో నమోదై ఉంటుంది. దాన్ని రోగ నిర్ధారణకు వాడుకోవచ్చా అన్న విషయం మీద రెండు దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. ఇంతవరకు తేలినదాన్నిబట్టి చూస్తే ఊరి ఆరోగ్యం గురించి అది కొంత చెబుతుంది. ఒక మనిషికి ఏ జబ్బు ఉందో చెప్పమంటే తడబడుతుంది. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పడంలో మాత్రం మనిషి జ్ఞాపకం కంటే నమ్మకంగా ఉంటుంది. విచిత్రంగా, పరిశోధన హడావుడి అంతా మొదటి రెండింటి చుట్టూ తిరిగింది, మూడోది పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఊరి సంగతి ముందు. 2008 నవంబర్‌లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ అనే సేవ మొదలుపెట్టింది. అమెరికాలో ఫ్లూ లెక్కలు డాక్టర్ల దగ్గర నుంచి అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీకి చేరి, కూడికలు పూర్తయి బయటికొచ్చేసరికి ఒకటి రెండు వారాలు పట్టేది. జనం వెతికే మాటలు ఆ రోజుకారోజే కనిపిస్తాయి. అందుకని బాగా వాడుకలో ఉన్న 5 కోట్ల సెర్చ్ మాటలను పాత ఫ్లూ లెక్కలతో పోల్చి, వాటితో బాగా కలిసి నడిచిన 45 మాటలను ఏరారు. 2009లో ఈ పద్ధతి నేచర్ పత్రికలో అచ్చయింది. ఇక డాక్టర్ల లెక్కల కోసం ఎదురుచూడక్కర్లేదన్నంత సందడి నడిచింది.

అదే ఏడాది వేసవికి ముందు స్వైన్ ఫ్లూ వచ్చింది. చలికాలపు ఫ్లూకు అలవాటుపడిన గూగుల్ లెక్క దాని మొదటి విడతను సరిగా పట్టుకోలేకపోయింది. ఆ తర్వాత దోషం రెండోవైపు తిరిగింది. 2012-13 చలికాలంలో సీడీసీ లెక్కకు దాదాపు రెట్టింపు చూపించింది. 2011 ఆగస్టు నుంచి 108 వారాలు పరిశీలిస్తే అందులో 100 వారాలు ఎక్కువ చెప్పిందని 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. 2015 ఆగస్టులో గూగుల్ ఆ సేవను జనానికి చూపించడం మానేసింది. 2011లో భారత్, బ్రెజిల్, బొలీవియా, ఇండోనేషియా, సింగపూర్‌ల కోసం తెచ్చిన డెంగీ ట్రెండ్స్ కూడా దాంతోపాటే ఆగిపోయింది.

ఎందుకిలా అయిందో హైదరాబాద్ క్యాలెండర్ తీసుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఇక్కడ డెంగీ పెరిగేది ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. ఖైరతాబాద్ గణేశుడి ఎత్తు ఈసారి ఎంత, నిమజ్జనం ఏ రోజు, ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్ మళ్లింపులు ఎక్కడ అని జనం వెతికేదీ ఆ రోజుల్లోనే. డెంగీ కేసులతో పాటు ఏ మాటలు పెరుగుతున్నాయో చూడు అని కంప్యూటర్‌కు చెప్పి వదిలేస్తే, అది గణేశుణ్ని కూడా డెంగీ లక్షణంగా పట్టుకొస్తుంది. అమెరికాలో అచ్చం ఇదే సమస్య వచ్చింది: అక్కడ హైస్కూల్ బాస్కెట్‌బాల్ సీజన్, ఫ్లూ సీజన్ ఒకేసారి వస్తాయి. అలాంటి మాటలను చేత్తో ఏరి పారేయాల్సి వచ్చింది. ఈ ఒక్కటి తీసేయడం తేలికే. కనపడకుండా కలిసిపోయినవి ఎన్ని ఉన్నాయన్నదే చిక్కు.

వార్తలది ఇంకో గొడవ. టీవీలో ఒక డెంగీ మరణం గంటగంటకూ తిరిగిందంటే ఆ సాయంత్రానికి నగరమంతా డెంగీ లక్షణాలు వెతుకుతుంది. దోమ ఒక్కటీ అదనంగా కుట్టి ఉండదు. వెతుకులాట అంటే జబ్బు ఉందని కాదు, జబ్బు మీద ధ్యాస ఉందని. రెండూ ఒకేసారి పెరిగినన్నాళ్లు తేడా తెలియదు.

ఏ మాట ఏ దశలో వెతుకుతారన్నది కూడా చూడాలి. "ప్లేట్‌లెట్లు పెరగాలంటే ఏం తినాలి", "బొప్పాయి ఆకు రసం ఎలా చేయాలి" అని వెతికే ఇంట్లో రక్తపరీక్ష అప్పటికే అయిపోయింది. అక్కడ డెంగీ ఉండే అవకాశం బాగా ఎక్కువ. కానీ ఆ మాట ముందస్తు హెచ్చరికగా పనికిరాదు, ఆ రిపోర్టు ల్యాబ్‌లో ఉండనే ఉంది. "ఒళ్లు నొప్పులు, చలి జ్వరం" అన్న వెతుకులాట నాలుగు రోజులు ముందు వస్తుంది, కానీ అది డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, మామూలు వైరల్ కావచ్చు. ముందుగా వచ్చే మాట మసగ్గా ఉంటుంది, స్పష్టంగా ఉన్న మాట ఆలస్యంగా వస్తుంది. ఎంత తెలివైన లెక్క వేసినా ఈ బేరం తప్పదు.

పైగా ఏ మాటను జనం ఎంతగా వెతుకుతున్నారో చూపే, బయటివాళ్లకు దొరికే గూగుల్ ట్రెండ్స్‌లో అసలు సంఖ్యలు ఉండవు. 0 నుంచి 100 వరకు సాగే ఒక సూచీ మాత్రమే ఉంటుంది. తెలంగాణ అని, హైదరాబాద్ అని చూడొచ్చు గానీ, బోరబండలో పెరిగిందా, బార్కస్‌లో పెరిగిందా అన్నది దొరకదు. ఫాగింగ్ బండి ఎక్కడికి పంపాలో తేల్చుకోవడానికి కావలసింది సరిగ్గా అదే.

పోల్చిచూడ్డానికి హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 2020లో ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరం మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్లు కొలిచి, సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండొచ్చని ఆ ఆగస్టులో అంచనా వేశారు. మురుగునీటికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఏ భాషలో టైప్ చేయాలన్న బెంగ లేదు, టీవీ వార్తలు దాన్ని కదిలించవు. సెర్చ్ డేటా చౌక, వేగం రెండూ నిజమే. కానీ నగర స్థాయి నిఘాకు ఒకటే ఎంచుకోమంటే డ్రైనేజీ మ్యాన్‌హోల్ వైపే మొగ్గాలి.

ఒక మనిషి దగ్గరకు వస్తే

ఇక రెండో ప్రయత్నం. ఒకరి సెర్చ్ హిస్టరీ చూసి ఆ మనిషికి జబ్బు ఉందేమో చెప్పడం. ఇందులో ఎక్కువగా చెప్పుకునేది 2016లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు క్లోమ క్యాన్సర్ మీద చేసిన పని. ఈ క్యాన్సర్ బయటపడేసరికి చాలామందిలో ఆపరేషన్ చేసే దశ దాటిపోతుంది. అందుకే ముందుగా పట్టుకునే దారి ఏదైనా వెతకాలన్న ఆత్రం. ఆ కంపెనీ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో "నాకు క్లోమ క్యాన్సర్ అని ఇప్పుడే తేలింది" అన్నట్టు వెతికినవాళ్లను గుర్తించి, వాళ్లు అంతకు నెలల ముందు ఏమేం వెతికారో వెనక్కి వెళ్లి చూశారు. కామెర్లు, ఒంటి దురద, కడుపునొప్పి, ఉన్నట్టుండి బరువు తగ్గడం లాంటివి ఒక వరసలో కనిపించాయి. ఆ వరసనుబట్టి 5 నుంచి 15 శాతం కేసులను ముందే గుర్తించవచ్చని, పొరపాటున బెదరగొట్టేది లక్షలో ఒకరిని మొదలుకొని పదివేలలో ఒకరిని మాత్రమేనని చెప్పారు.

లక్షలో ఒక్క పొరపాటు అంటే ఎవరికైనా బ్రహ్మాండం అనిపిస్తుంది. ఇదే లెక్కను కోటిమంది ఉన్న నగరానికి వేసి చూద్దాం. అమెరికాలో ఈ క్యాన్సర్ ఏటా లక్షమందిలో సుమారు 13 మందికి వస్తుంది. మన దేశంలో అది లక్షకు ఒకటి రెండు కేసులే. కాబట్టి కోటిమంది అమెరికన్లలో ఏడాదికి 1,300 కేసులుంటే, కోటిమంది హైదరాబాదీల్లో 150 అనుకోవచ్చు. అతి జాగ్రత్తగా పెట్టిన లెక్క 5 శాతం కేసులను పట్టుకుంటుంది: అక్కడ 65 మంది, ఇక్కడ ఏడెనిమిది మంది. పొరపాటు హెచ్చరికలు రెండుచోట్లా ఒకటే, 100. అంటే అక్కడ హెచ్చరిక అందినవాళ్లలో అయిదుగురికి ఇద్దరికి నిజంగా జబ్బు ఉంటుంది. ఇక్కడ పద్నాలుగు మందిలో ఒకరికి. లెక్కను కొంచెం సడలించి 15 శాతం పట్టుకోవాలనుకుంటే ఇక్కడ 22 మంది దొరుకుతారు, అనవసరంగా హడలిపోయేవాళ్లు వెయ్యిమంది అవుతారు.

ఆ వెయ్యిమందికీ సీటీ స్కాన్, కొందరికి ఎండోస్కోపీ, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఖర్చు చాలామంది సొంత జేబు నుంచే. ఒకే ప్రోగ్రాం, ఒకే నైపుణ్యం, కానీ జబ్బు అరుదుగా ఉన్నచోట అది చెప్పేదానికి విలువ పడిపోతుంది. అమెరికాలో బాగా పనిచేసిందన్న వార్త చదివినప్పుడల్లా ఇక్కడ ఆ జబ్బు ఎంతమందికి వస్తుందని ఒకసారి అడగాలి. ఆ ప్రశ్న అడిగే వార్తాకథనం దొరకడం కష్టం.

ఇంకో లోటు ఆ పరిశోధనలోనే ఉంది. "నాకు తేలింది" అని టైప్ చేసినవాళ్లకు నిజంగా క్యాన్సర్ ఉందో లేదో ఏ ఆస్పత్రి రికార్డుతోనూ సరిచూడలేదు. బింగ్ వాడినవాళ్లు ఎవరో పరిశోధకులకు తెలియదు, తెలియకూడదు కూడా. ఈ విషయంలో 2024లో లండన్ నుంచి వచ్చిన అధ్యయనం చిన్నదైనా గట్టిది. అండాశయ క్యాన్సర్ అనుమానంతో ఆస్పత్రికి వచ్చిన ఆడవాళ్ల అనుమతితో వాళ్ల గూగుల్ హిస్టరీ తీసుకున్నారు. 235 మందిలో 92 మందికి క్యాన్సర్, 143 మందికి ప్రమాదం లేని సమస్య అని వైద్య పరీక్షల్లోనే తేలింది. డాక్టరు పెద్దాస్పత్రికి పంపడానికి రెండు నెలల ముందు నుంచే ఈ రెండు గుంపుల వెతుకులాటలో తేడా కనిపించింది. కడుపు ఉబ్బరం లాంటి, ఎవరూ పట్టించుకోని బాధతో మొదలయ్యే క్యాన్సర్ విషయంలో రెండు నెలలు చిన్న వ్యవధి కాదు. అయితే వీళ్లందరూ అప్పటికే ఆస్పత్రి గడప తొక్కినవాళ్లు. ఇంట్లో కూర్చుని "గ్యాస్ తగ్గాలంటే" అని వెతికే లక్షలమంది మధ్య ఆ తేడా ఎంత నిలుస్తుందన్నది వేరే సంగతి.

వెతికినవాళ్లే రోగులా?

ఈ లెక్కలన్నింటి వెనుకా ఒక ఊహ ఉంది: టైప్ చేసిన మనిషికే ఆ బాధ ఉందని. హైదరాబాద్‌లో ఈ ఊహ మీద బరువు పెట్టడం కష్టం. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్పే కోచింగ్ సెంటర్లు వీధికి రెండు కనిపిస్తాయి. అక్కడ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లు అమెరికా రోగుల బిల్లుల కోసం రోజంతా జబ్బుల పేర్లతోనే గడుపుతారు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఒక్క షిఫ్టులో క్లోమం, మూత్రపిండం, గర్భసంచి జబ్బులన్నీ వెతికి, సాయంత్రం హాయిగా ఇరానీ చాయ్ తాగుతుంటాడు. ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల విద్యార్థులు సరేసరి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కూతురు కరీంనగర్‌లో ఉన్న అమ్మ మోకాళ్ల కోసం వెతుకుతుంది. జబ్బు ఒకచోట, ఫోన్ ఇంకోచోట. నాలుగిళ్లకు ఒక్క చదువుకున్న అమ్మాయి ఉన్న బస్తీలో ఆ అమ్మాయి ఫోన్‌లో నాలుగిళ్ల జబ్బులూ ఉంటాయి.

2006లో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ చేసిన తప్పిదం ఈ సంగతిని అనుకోకుండా బయటపెట్టింది. పరిశోధనకు పనికొస్తుందని సుమారు 6.5 లక్షల మంది చేసిన 2 కోట్ల వెతుకులాటలను, పేర్లు తీసేసి నంబర్లు పెట్టి, అందరికీ కనిపించేలా పెట్టింది. ఆ మాటలనుబట్టే విలేఖరులు ఒక నంబరు వెనుక ఉన్న పెద్దావిడ ఇంటికి వెళ్లగలిగారు. పేరు తీసేస్తే గోప్యత దక్కినట్టే అన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. ఆవిడ చెప్పిన ఇంకో మాట మాత్రం అంతగా చర్చకు రాలేదు: ఆ జబ్బుల వెతుకులాటల్లో చాలావరకు తన స్నేహితుల కోసం, వాళ్ల భయం తీర్చడం కోసం చేసినవట. ఆ హిస్టరీ చూసి ఆవిడకు ఏ జబ్బులున్నాయో రాసుకుంటే మొత్తం చిట్టా తప్పయ్యేది.

సెర్చ్ ఇంజిన్ ఊరికే చూస్తూ కూర్చోదన్నది కూడా మరవకూడదు. తలనొప్పి అని కొట్టగానే కింద బ్రెయిన్ ట్యూమర్ కనిపిస్తుంది. చూసినవాళ్లు దాని మీద నొక్కుతారు, తర్వాత ట్యూమర్ లక్షణాలు వెతుకుతారు. మామూలు బాధతో మొదలైన వెతుకులాట అరుదైన భయంకర జబ్బుల వైపు ఎలా జారుతుందో 2009లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు లాగ్‌లలో, అంటే నమోదైన వెతుకులాటల చిట్టాల్లో, చూపించారు. కాబట్టి హిస్టరీలో కనిపించే మాటల్లో కొన్ని మనిషి బాధ నుంచి పుట్టినవి, కొన్ని పేజీ అందించినవి. డాక్టరుకు కావలసింది మొదటి రకం. వరసలో తొలి వెతుకులాట విలువైనది, పదోది దాదాపు పనికిరానిది.

తెలుగువాళ్ల వెతుకులాటకు ఇంకో మెలిక ఉంది. ఒకే బాధను ఒకరు తెలుగు లిపిలో, ఒకరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, ఇంకొకరు వాయిస్ సెర్చ్‌లో, పాతబస్తీలో మరొకరు దక్కనీ ఉర్దూలో అడుగుతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో జ్వరానికే నాలుగైదు స్పెల్లింగులు. మందుల విషయంలో జనం వెతికేది పారాసెటమాల్ అని కాదు, డోలో అని. ఒకే మందుకు వందల బ్రాండ్లు ఉన్న దేశంలో ఆ పేర్లన్నీ ఒక్క గుంపుగా కట్టకపోతే లెక్క మొదలే కాదు.

అలా కట్టగలిగితే దక్కేదేమిటో చూపే మంచి ఉదాహరణ ఒకటి ఉంది. పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, ప్రావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు కలిపి వాడితే రక్తంలో షుగర్ పెరుగుతుందని 2011లో ఆస్పత్రి రికార్డుల సాయంతో బయటపడింది. 2013లో పరిశోధకులు 2010 నాటి, అంటే ఆ సంగతి ఎవరికీ తెలియనప్పటి, 60 లక్షల మంది సెర్చ్ లాగ్‌లు తీసి చూశారు. ఒక్క మందు గురించే వెతికినవాళ్లకంటే రెండింటి గురించీ వెతికినవాళ్లు షుగర్ పెరిగిన లక్షణాలను ఎక్కువగా వెతికారు. ఎవరికీ తెలియని కాలం కాబట్టి వార్తల ప్రభావం అన్న ప్రశ్నే రాదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మందులకు తోడు ఎవరో చెప్పిన ఆయుర్వేద చూర్ణం కూడా వేసుకునే ఇళ్లు ఇక్కడ కొల్లలు. అలాంటి కలయికల మీద ఆస్పత్రుల్లో చేరని సమాచారం సెర్చ్‌లో చేరుతుంది. సెర్చ్ డేటా బలం నిజంగా ఉన్నది ఇక్కడే అనిపిస్తుంది: ఒకరికి ఏముందో చెప్పడంలో కాదు, లక్షలమందిలో ఏదో తేడాగా ఉందని డాక్టర్లకు వేలు చూపించడంలో.

తేదీల లెక్క

మళ్లీ ఓపీకి వద్దాం. డెంగీలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "జ్వరం ఎన్నో రోజు?" మొదటి అయిదు రోజుల్లో అయితే రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను వెతికే ఎన్‌ఎస్1 పరీక్ష పనికొస్తుంది, అయిదు దాటితే వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ, ఐజీఎం చూడాలి. రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో ఎన్‌ఎస్1 ఇంకా ముందే కనపడకుండా పోతుంది. ఇంతకంటే ముఖ్యమైనది ప్రమాదం వచ్చే వేళ. డెంగీలో జ్వరం ఎక్కువగా ఉన్న రోజులు అన్నిటికంటే భయపడాల్సినవి కావు. మూడో రోజుకు, ఏడో రోజుకు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు రక్తనాళాల నుంచి ద్రవం కారడం మొదలవుతుంది, బీపీ పడిపోతుంది. జ్వరం తగ్గింది కదా అని మాదాపూర్‌లో ఆఫీసుకు బయల్దేరే రోజే అది.

ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఒక క్లినిక్‌ను ఊహించుకోండి.

"జ్వరం ఎన్నాళ్ల నుంచండీ?"

"మూడు రోజులండి. ఆదివారం నుంచి."

పక్కనున్న భార్య ఆగదు. "ఆదివారమేంటండీ, శుక్రవారం రాత్రే ఒళ్లు వెచ్చగా ఉందన్నారుగా? ఫోన్‌లో కూడా ఏదో చూశారు."

ఫోన్ తీస్తే శుక్రవారం రాత్రి 11 దాటాక "ఒళ్లు నొప్పులు చలి ఎందుకు వస్తాయి" అన్న వెతుకులాట ఉంటుంది. మూడో రోజు కాస్తా అయిదో రోజు అయింది. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా ఇక ధీమాగా ఇంటికి పంపే వీల్లేదు, ఐజీఎం కూడా రాయాలి. పొద్దున జ్వరం దిగిందన్న మాట శుభవార్త కాకపోవచ్చు. కడుపునొప్పి ఉందా, వాంతులు ఆగకుండా అవుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తమా అని అప్పుడే అడగాలి. ఇక్కడ అల్గారిథం ఏదీ లేదు. రోగి తన ఫోన్ తనే చూసుకుని ఒక తేదీ చెప్పాడు, అంతే. వెతికింది తన కోసమేనా, భార్య కోసమా అన్నది పక్కనే కూర్చుని ఉంది కాబట్టి తెలుస్తుంది. లక్షల లాగ్‌లు గుట్టపోసినా తీరని అనుమానం ఆ గదిలో ఒక్క ప్రశ్నతో తీరుతుంది.

టీబీలో కూడా ఇంతే. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలన్నది జాతీయ కార్యక్రమం నియమం. "మొన్నటి నుంచే సార్" అనే మనిషి ఫోన్‌లో మూడు వారాల కిందట "రాత్రి దగ్గు తగ్గాలంటే" అని ఉండొచ్చు, ఆ తర్వాత రెండు రకాల సిరప్‌ల పేర్లు ఉండొచ్చు. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చివరిసారి మనిషి బాగున్నది ఎప్పుడో ఇంట్లోవాళ్లు చెప్పలేకపోతే, ఫోన్‌లో తప్పుల్లేకుండా టైప్ చేసిన ఆఖరి మాట ఏ గంటకు అన్నది ఒక ఆధారమే, తిరుగులేనిది కాకపోయినా.

అనుమతి అడిగితే జనం ఇస్తారా అన్నదానికి ఫిలడెల్ఫియాలో ఒక అత్యవసర విభాగం నుంచి 2019లో వచ్చిన అధ్యయనం జవాబిస్తుంది. గూగుల్ ఖాతా ఉన్న 334 మందిలో 165 మంది, అంటే సగం మంది, తమ హిస్టరీని వైద్య రికార్డుతో కలిపి చూడటానికి ఒప్పుకున్నారు. చివరికి 103 మంది డేటా పనికొచ్చింది. మామూలుగా వాళ్ల వెతుకులాటల్లో ఆరోగ్యానికి సంబంధించినవి 6 శాతం. ఆస్పత్రికి రావడానికి ముందు వారంలో అవి 15 శాతానికి పెరిగాయి. ఆ వారంలో గూగుల్ వాడినవాళ్లలో 53 శాతం మంది సరిగ్గా ఏ బాధతో వచ్చారో దాన్నే వెతికి ఉన్నారు. అందులో ఒక చిన్న సంగతి మిగతా అంకెలకంటే ఎక్కువ చెబుతుంది. వాల్‌నట్ అంత ఫైబ్రస్ ట్యూమర్ (పీచు గడ్డ) ఉందని డాక్టరు చెప్పిన ఒక రోగి తర్వాత గూగుల్‌లో వెతికింది ఇది: ఫైబ్రస్ ట్యూమర్ అంటే ఏమిటి, వాల్‌నట్ ఎంత ఉంటుంది. డాక్టరు చెప్పింది ఆ రోగికి అందలేదని రికార్డులో ఎక్కడా ఉండదు, హిస్టరీలో ఉంది. స్కాన్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని చూసి రాత్రంతా యూట్యూబ్ ముందు కూర్చునేవాళ్లు ఎందరో. వాళ్లు ఏం వెతికారో మర్నాడు డాక్టరు అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే భయం అది.

మన దగ్గర ఈ పని చేయాలంటే హిస్టరీ మొత్తం ఆస్పత్రి కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సిన అవసరం లేదు, ఎక్కించకూడదు కూడా. అందులో అబార్షన్ ఉంటుంది, హెచ్‌ఐవీ ఉంటుంది, ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఉంటుంది, ఇంట్లోవాళ్లకు తెలియనివి ఉంటాయి. భార్య పక్కన ఉండగా భర్త ఫోన్ తెరవమనడం, అత్త పక్కన ఉండగా కోడలి ఫోన్ తెరవమనడం ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఆరోగ్య సమాచారానికి విడిగా, ఎక్కువ కట్టుదిట్టమైన వర్గం ఏదీ పెట్టలేదు. అంతకుముందు ముసాయిదాల్లో ఉన్న ఆ విభజనను తీసేశారు. కాబట్టి ఒకరి షుగర్ వెతుకులాటకు, బిర్యానీ ఆర్డరుకు ఆ చట్టం దృష్టిలో ఒకే రకం అనుమతి. ఆ డేటా ఆరోగ్య బీమా ప్రీమియం లెక్కల్లోకి జారకుండా ఆ చట్టంలో ఆపేది ప్రధానంగా అనుమతి పత్రంలో రాసిన వాడుక ఉద్దేశమే. ఆ పత్రాన్ని చదివి నొక్కేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు.

బస్తీ దవాఖానాకు వచ్చే చాలామంది విషయంలో ఈ చర్చ అంతా పక్కకు పోతుంది. అక్కడ కూలి పనికి వెళ్లే పెద్దాయనకు స్మార్ట్‌ఫోన్ ఉన్నా అందులో జబ్బు వెతకడు, మెడికల్ షాపు అబ్బాయిని అడుగుతాడు. ఆయన జ్వరం ఏ రోజు మొదలైందో ఏ సర్వర్‌లోనూ లేదు. ఆయన్ను కూర్చోబెట్టి, జీతం అందిన రోజుకు ముందా తర్వాతా, బోనాలకు ముందా తర్వాతా అని అడుగుతూ తేదీ రాబట్టాల్సిందే. మరోవైపు వెతికే అలవాటు ఉన్నవాళ్లు గూగుల్ పెట్టెను వదిలి చాట్‌బాట్‌ల వైపు నడుస్తున్నారు. అక్కడ రెండు మాటలు కొట్టి ఊరుకోరు, పది నిమిషాలు కూర్చుని వయసు, మందులు, రిపోర్టు ఫొటోతో సహా అన్నీ చెబుతారు. డాక్టరు రాసుకునే రోగ చరిత్రకు అది సెర్చ్ కంటే చాలా దగ్గర. గూగుల్ ట్రెండ్స్‌లా బయటివాళ్లు చూసుకునే సూచీ దానికి లేదు. ఆ సంభాషణలు ఆయా కంపెనీల సర్వర్లలోనే ఉంటాయి.